సూపర్‌చార్జర్ ఇంజన్‌కి ఇంటేక్ గ్యాస్కెట్లు: ఇంట్లో మార్చుకోవచ్చా?

ప్రశ్న: సార్, నమస్తే. మేం మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉంటాం. నిరుడు 2001 మోడల్ పాంటియాక్ గ్రాండ్ ప్రీ జీటీపీ ఒకటి 2,200 డాలర్లకి కొన్నాను. 1,31,000 మైళ్లు తిరిగిన బండి. రెండు నెలల నుంచి కూలెంట్ తగ్గిపోతోంది, రెండు వారాలకోసారి కొంచెం పోయాల్సి వస్తోంది. కింద చుక్క కూడా కనపడదు. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం తియ్యటి వాసన వస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు ఇంజన్ వణుకుతుంది, తర్వాత సర్దుకుంటుంది. షాపులో చూపిస్తే ఇంటేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలిని పంచే భాగం) కింద వేసే గ్యాస్కెట్లు, అంటే సీళ్లు, పోయాయన్నారు. 1,300 డాలర్లు అడిగారు, బండి ధరలో సగం పైనే. విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి షెడ్డు ఉంది. ఫోన్ చేస్తే, "దానికి అంత డబ్బెందుకురా, ప్యాకింగ్ మార్చి, రెండు పక్కలా అనాబాండ్ (సీలెంట్ జిగురు) రాసి బిగించెయ్" అన్నాడు. బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్ నేనే మార్చుకుంటాను. గరాజ్ ఉంది. కానీ పైన ఆ సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు) చూస్తేనే టెన్షన్. విప్పితే మళ్లీ సరిగ్గా కూర్చుంటుందా? మా ఆవిడ బండి అమ్మేయమంటోంది. ఆఫీసు 18 మైళ్లు, ఇంట్లో ఇదొక్కటే కారు. ఏం చేయమంటారు?

సమాధానం: మార్చుకోవచ్చు. బ్రేకులు, ఆయిల్ సొంతంగా చూసుకునే మనిషికి ఇది అందని పని కాదు. మీ ఉత్తరం చదివితే నాకు కంగారు పుట్టింది సూపర్‌చార్జర్ గురించి కాదు. కూలెంట్ ఎటు పోతోందో తెలియకుండా రెండు నెలలుగా రోజూ 36 మైళ్లు తిరుగుతున్నారు, దాని గురించి. అది ఆయిల్లోకి పోతోందో లేదో తేలేదాకా బండి స్టార్ట్ చేయకండి. గ్యాస్కెట్లది పెద్ద ఖర్చు కాదు. ఆయిల్లో కూలెంట్ కలిస్తే ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్ ఇరుసు బేరింగుల్ని అది తినేస్తుంది, అవి పోయాక ఈ బండికి ఎవరూ రిపేరు చేయరు.

తేల్చుకోవడం సులువే. బండి ఒక రాత్రంతా కదలకుండా ఉండాలి. కూలెంట్ ఆయిల్ కంటే బరువు, ఆగిన ఇంజన్లో ఆయిల్ పాన్ అడుక్కి దిగుతుంది. పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేయకుండానే బండిని జాక్ స్టాండ్ల మీద భద్రంగా నిలిపి (ఒట్టి జాక్ మీద నిలిపి కిందికి దూరవద్దు), డ్రెయిన్ బోల్టుని పూర్తిగా తీయకుండా వదులు చేయండి. గాజు సీసా ఒకటి పట్టి మొదట కారే చుక్కలు చూడండి. ముందుగా నారింజ రంగు నీళ్లు గానీ, పాలు కలిపిన కాఫీ రంగు ద్రవం గానీ వస్తే కూలెంట్ లోపలికి పోతోందన్నమాట. మొదటి చుక్క నుంచీ నల్లటి ఆయిలే వస్తే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు.

ఆయిల్ పోసే మూత కింద తెల్లటి మీగడలాంటిది కనిపించినంత మాత్రాన బెంబేలు పడకండి. మిషిగన్ చలికాలంలో దగ్గర దగ్గర ప్రయాణాలు చేస్తే గాలిలో తేమ చేరి మూత కింద అలా పేరుకోవడం మామూలే. డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు ఉంటే అప్పుడు భయపడాలి.

రెండో పరీక్షకి రేడియేటర్ ప్రెషర్ టెస్టర్ కావాలి. కొనక్కర్లేదు. ఆటోజోన్ లాంటి దుకాణాల్లో డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు అరువిస్తారు, తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారు. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి ఆ పంపు బిగించి, మూత మీద ఎంత ఒత్తిడి రాసి ఉందో అంతవరకే కొట్టండి, దాటించకండి. టార్చి పట్టుకుని మానిఫోల్డ్ రెండు చివర్లూ, థర్మోస్టాట్ హౌసింగ్, వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం, బెల్ట్ టెన్షనర్ దగ్గరున్న ప్లాస్టిక్ మోచేతి గొట్టాలూ చూడండి. ఈ గొట్టాలని అక్కడ ఎల్బోలు అంటారు. మీరు చెప్పిన తియ్యటి వాసన వాటి నుంచి కూడా రావచ్చు. వేడి ఇంజన్ మీద చుక్క పడీ పడకముందే ఆవిరైపోతుంది, అందుకే నేల మీద మరక ఉండదు. ఒక్క ఎల్బో పగిలి, గ్యాస్కెట్లు బాగానే ఉండి ఉంటే మీ పని సగానికి సగం తగ్గుతుంది. షాపువాళ్లు అబద్ధం చెప్పారని కాదు. కానీ ఇంజన్ విప్పే ముందు మీ కళ్లతో మీరు చూసుకోవాలి.

బయట ఎక్కడా తడి లేకుండా గేజి ముల్లు మెల్లగా దిగుతుంటే లీకు లోపలే ఉంది. అప్పుడు స్పార్క్ ప్లగ్గులు తీసి వరసగా పెట్టి చూడండి. ఐదు గోధుమ రంగులో ఉండి ఒక్కటి మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంటే రాత్రిపూట ఆ సిలిండర్లోకి కూలెంట్ చేరుతోంది. పొద్దున్నే వణుకు దానివల్లే కావచ్చు. ఇంకొక్క పరీక్ష, హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్‌కీ, కింది ఇంజన్ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) కోసం. రేడియేటర్ మూతి దగ్గర నీలం రంగు ద్రవం పెట్టి ఎగ్జాస్ట్ గ్యాస్ కోసం చూసే టెస్టర్ కూడా అరువుకి దొరుకుతుంది. రంగు పసుపుకి తిరిగితే సమస్య హెడ్ దగ్గర, ఈ పని మొదలుపెట్టొద్దు. ఈ ఇంజన్లలో హెడ్ గ్యాస్కెట్ పోవడం అరుదు. ఎప్పుడైనా విపరీతంగా వేడెక్కిన బండి అయితే మాత్రం అనుమానించాలి. మీకు ముందు ఎవరు నడిపారో తెలియదు కాబట్టి ఈ పరీక్ష మానకండి.

ఇక మీ ఇంజన్ సంగతి. అది జీఎం (జనరల్ మోటార్స్) వాళ్ల 3800 సిరీస్ 2, సూపర్‌చార్జర్ ఉన్న రకం. కోడ్ ఎల్67, 240 హార్స్‌పవర్. ఈ 3800 ఇంజన్లు మీ ఊరికి ఎగువన ఉన్న ఫ్లింట్‌లో 2008 ఆగస్టు దాకా తయారయ్యాయి. ఎంత గట్టి ఇంజనో చెప్పాలంటే, ఆయిల్, కూలెంట్ సరిగా చూసుకున్నవాళ్ల దగ్గర రెండు లక్షల మైళ్లు దాటినవి బోలెడు తిరుగుతున్నాయి. నాకు చాలా ఇష్టమైన ఇంజన్. దాని బలహీనత అంతా ఈ ఇంటేక్ దగ్గరే. హెడ్లు పోత ఇనుము, మానిఫోల్డ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది. ఇంజన్ వేడెక్కిన ప్రతిసారీ, చల్లారిన ప్రతిసారీ ఆ రెండిటి మధ్యా నలిగేది గ్యాస్కెట్టే. ఫ్యాక్టరీలో వేసినదానికి చట్రం ప్లాస్టిక్. చుట్టూ సిలికోన్ గీత ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ పెళుసై, గీత లేచిపోతుంది. ఆ రోజుల్లో జీఎం వాడిన డెక్స్‌కూల్ అనే నారింజ కూలెంట్, ఈ గ్యాస్కెట్ల గొడవ అమెరికా కోర్టులదాకా వెళ్లి, 2008లో సెటిల్‌మెంట్ అయ్యాయి. ఇప్పుడు దొరికే వాటిలో లోహపు చట్రం ఉన్నవి ఉన్నాయి. అవే కొనండి. నాలుగు డాలర్లు తక్కువని ప్లాస్టిక్ చట్రంవి మళ్లీ వేయకండి.

సూపర్‌చార్జర్ గురించి మీ భయం తీరాలంటే అది అక్కడ ఎలా కూర్చుందో తెలియాలి. ఈటన్ ఎం90 దాని పేరు. రెండు రోటర్లు తిరుగుతూ ఒక చుట్టుకి 90 ఘనపు అంగుళాల గాలిని కిందికి నెడతాయి. అంతే, లోపల పెట్రోల్ లేదు, కూలెంట్ లేదు. ఇంజన్ ఆయిల్ కూడా దానిలోకి రాదు, ముందు భాగంలో సొంత ఆయిల్ కొద్దిగా ఉంటుంది. మానిఫోల్డ్ మీద బోల్టులతో నేరుగా కూర్చుంటుంది. బెల్ట్ తీసి, వైర్లు, గొట్టాలు తప్పించి, బోల్టులు విప్పితే ఒక్క ముక్కగా పైకి వస్తుంది. టైమింగ్‌తో దానికి సంబంధం లేదు కాబట్టి మళ్లీ పెట్టేటప్పుడు ఏ పన్ను ఏ పన్నుతో కలవాలన్న లెక్క లేదు. మీ టెన్షన్‌లో సగం ఇక్కడే వదిలేయొచ్చు.

గ్యాస్కెట్ ముఖం మీద మాత్రం సూపర్‌చార్జర్ ప్రభావం ఉంది. మామూలు ఇంజన్లో ఇంటేక్ లోపల ఎప్పుడూ గాలి పీల్చే ఒత్తిడే. మీ దాంట్లో ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) పీల్చడం, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే సుమారు 7, 8 పీఎస్‌ఐ బయటికి నెట్టడం. అటూ ఇటూ లాగే ఈ పోటు పడే గ్యాస్కెట్ కింద మురికి ఉన్నా, ముఖం సమంగా లేకపోయినా త్వరగా బయటపడుతుంది. అందుకే ఈ పనిలో విప్పడం, బిగించడం కంటే తుడవడం ముఖ్యం అంటాను. ఎక్కువ సమయం దానికే ఉంచుకోండి.

వీడియోలు చూసే నేర్చుకుంటారు కదా, రెండు జాగ్రత్తలు. 3800 అని వెతికితే వచ్చేవాటిలో చాలావరకు సూపర్‌చార్జర్ లేని ఎల్36 ఇంజన్‌వి. దానికి పైన ఒక ప్లాస్టిక్ మానిఫోల్డ్ ఉంటుంది, ఈజీఆర్ (ఎగ్జాస్ట్ వాయువు కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) వేడికి అది కరిగి చిల్లులు పడటం ప్రసిద్ధమైన జబ్బు. మీ బండికి ఆ పై మానిఫోల్డే లేదు. ఆ కిట్ కొని డబ్బు పారేసుకోకండి. మీకు కావాల్సింది కింది మానిఫోల్డ్ గ్యాస్కెట్ల సెట్టు, సూపర్‌చార్జర్ కింద వేసే గ్యాస్కెట్టు, ఇంజెక్టర్ ఓ-రింగులు. రెండోది, జీఎం 3400 వీ6 వీడియోలు. అందులో గ్యాస్కెట్ మార్చడానికి వాల్వులని కదిపే పుష్‌రాడ్లు బయటికి తీయాలి. మీ ఇంజన్లో వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

మీ బాబాయిగారి సలహా గురించి. ఆటోనగర్ అనుభవాన్ని తక్కువ చేసి మాట్లాడను. కాగితం ప్యాకింగ్, కార్క్ ప్యాకింగ్ వేసే చోట రెండు పక్కలా అనాబాండ్ పల్చగా రాయడం అక్కడ నిత్యం చేసే పని, నిలుస్తుంది కూడా. ఈ గ్యాస్కెట్ మీద సీల్ ముందే అచ్చుపోసి ఉంది. పొడి ముఖాల మధ్య పొడిగానే కూర్చోవాలి. దాని మీద సీలెంట్ రాస్తే బిగించేటప్పుడు జారుతుంది, పక్కకి పొంగిన ముక్కలు రాలి కూలెంట్ దార్లలోనో ఆయిల్ దార్లలోనో అడ్డం పడతాయి. సీలెంట్ వాడాల్సిన చోటు ఒకటుంది. మానిఫోల్డ్ ముందు, వెనక చివర్లలో పొడుగు సీళ్లు వచ్చి హెడ్ గ్యాస్కెట్ ముఖాన్ని కలిసే నాలుగు మూలలు. అక్కడ తలా ఒక చిన్న బొట్టు. ఆయనకి ఇలా చెప్పండి, వెంటనే అర్థం చేసుకుంటారు.

సామాన్లు ముందే అన్నీ తెచ్చుకోండి. గ్యాస్కెట్లతోపాటు రెండు ఎల్బోలు, 195 డిగ్రీల ఫారెన్‌హీట్ థర్మోస్టాట్, దాని సీలు, రెండు ఆయిల్ మార్పులకి సరిపడా ఆయిల్, రెండు ఫిల్టర్లు, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, బ్రేక్ క్లీనర్, బోల్టు పళ్లకి రాసే థ్రెడ్ లాకర్, ఫ్యూయల్ లైన్లు విడదీసే ప్లాస్టిక్ పనిముట్టు. అన్నీ కలిపినా షాపు అడిగినదానిలో చిన్న వంతే అవుతుంది. షాపు రేటులో ఎక్కువ భాగం కూలీ, అది అన్యాయం కూడా కాదు. అరువు తెచ్చుకోవాల్సిన పనిముట్లలో టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బిగిసిందో కొలిచేది) ముఖ్యం. చక్రాలకి వాడే పెద్దది పనికిరాదు. మానిఫోల్డ్ బోల్టులకి కావాల్సింది 11 ఫుట్ పౌండ్లే, అంటే 132 ఇంచ్ పౌండ్లు, 15 న్యూటన్ మీటర్లు. పెద్ద రెంచ్ అంత తక్కువని కొలవలేదు. అది క్లిక్‌మనేలోపు బోల్టు తెగుతుంది. ఇంచ్ పౌండ్ల రెంచ్ అడిగి తెచ్చుకోండి. మీ సంవత్సరం సర్వీస్ మాన్యువల్ కూడా దగ్గర ఉండాలి, బిగించే వరస అందులో బొమ్మతో ఉంటుంది. అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీలు రిపేర్ మాన్యువల్స్ డేటాబేస్‌ని కార్డు ఉన్నవాళ్లకి ఉచితంగా చూడనిస్తాయి, మీ లైబ్రరీలో అడగండి.

ఒక్క కారే అన్నారు కాబట్టి శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టండి. సోమ, మంగళవారాలకి ఆఫీసుకి ఎవరితోనైనా వెళ్లే ఏర్పాటు ముందే చేసుకోండి. చెయ్యి తిరిగినవాళ్లు ఒక రోజులో ముగిస్తారు. మీకు మొదటిసారి. "సోమవారం పొద్దున్నకల్లా బండి కావాలి" అనే తొందర ఉంటే తుడిచే పనిలో కోత పడుతుంది.

విప్పడం గురించి క్లుప్తంగానే చెబుతాను, మాన్యువల్‌లో వివరంగా ఉంటుంది. ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీయండి. ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం) మీద సైకిల్ ట్యూబ్‌కి ఉన్నట్టు చిన్న వాల్వ్ ఉంటుంది, గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని అక్కడ ఒత్తిడి వదలండి. మీ గరాజ్‌లోనే గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే దాని మంట ముందే ఆర్పాలి. ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది. పెట్రోల్ ఆవిరి నేలబారుగా పాకి అక్కడికే వెళ్తుంది. గరాజ్ తలుపు తెరిచే ఉంచండి. రేడియేటర్ కింద మూత తిప్పి కూలెంట్ మొత్తం దించండి. రెండు బెల్టులుంటాయి, ఒకటి సూపర్‌చార్జర్‌ది, ఒకటి మిగతావాటిది. అవి ఏ పుల్లీ మీదుగా ఎలా పోతున్నాయో ఫోటో తీసుకోండి. ప్రతి వైరుకీ, ప్రతి వ్యాక్యూమ్ గొట్టానికీ టేపు చుట్టి పేరు రాయండి. బూస్ట్ (సూపర్‌చార్జర్ నెట్టే గాలి ఒత్తిడి) బైపాస్ వాల్వ్‌కి పోయే సన్నటి గొట్టాలు మరీ ముఖ్యం. అవి తారుమారైతే బూస్ట్ సరిగా రాదు, ఆ తప్పు తర్వాత వెతికి పట్టుకోవడం కష్టం. బోల్టులు జిప్ బ్యాగుల్లో విడివిడిగా, ఎక్కడివో రాసి.

ఫ్యూయల్ రైల్ ఇంజెక్టర్లతో సహా ముందు బయటికి రావాలి, ఆ తర్వాతే సూపర్‌చార్జర్. అది ఒక్కరే వంగి ఎత్తే బరువు కాదు, నడుం పట్టేస్తుంది. ఎవరినైనా సాయం పిలవండి. స్క్రూడ్రైవర్ దూర్చి తన్నకండి. అల్యూమినియం ముఖం మీద గీత పడితే అక్కడి నుంచే గాలి కారుతుంది. రబ్బరు సుత్తితో చిన్నగా తడితే విడుతుంది. శుభ్రమైన దుప్పటి మీద పెట్టి, రోటర్లు కనిపించే చోటంతా కప్పేయండి. చిన్న ఇసుక రేణువు అందులో పడినా రోటర్ల పూత గీసుకుపోతుంది.

తర్వాత మానిఫోల్డ్. బోల్టులన్నీ తీశాననుకున్నా కదలకపోతే బలం వాడే ముందు ఇంకోటి మిగిలిందేమో వెతకండి. పైకి ఎత్తగానే దాంట్లో మిగిలిన కూలెంట్ కొంత రెండు హెడ్ల మధ్య ఉండే ఇంజన్ నడిమి లోయలోకి కారుతుంది, అక్కడి నుంచి ఆయిల్లోకి. ఎంత జాగ్రత్తగా ఎత్తినా ఇది తప్పదు. అందుకే ఈ పని చేశాక ఆయిల్ మార్చకుండా ఒక్క నిమిషం కూడా ఇంజన్ నడపకూడదు. ముందు రోజే కొత్త ఆయిల్ పోసినా సరే.

ఇప్పుడు తుడవడం. హెడ్ల మీద గాలి దార్లు ఆరింటిలోనూ నూలు రాలని గుడ్డలు కుక్కండి. ఎన్ని కుక్కారో కాగితం మీద రాసుకోండి, తీసేటప్పుడు లెక్క సరిచూడాలి. లోయ మొత్తాన్ని పెద్ద గుడ్డతో కప్పండి. హెడ్ ఇనుము కాబట్టి బ్లేడు పడుకోబెట్టి గీకవచ్చు. మానిఫోల్డ్ అల్యూమినియం, దాని మీద ప్లాస్టిక్ స్క్రేపరే. పాత సిలికోన్ మొండికేస్తే గ్యాస్కెట్ రిమూవర్ రాసి నాననివ్వండి. డ్రిల్‌కి బిగించే గరుకు చక్రాలుంటాయి, రంగురంగుల పీచుతో. నిమిషంలో మెరిసేలా చేస్తాయి. వాటిని ముట్టుకోకండి. వాటి నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ పొడి కంటికి కనపడదు, ఆయిల్‌తోపాటు బేరింగుల్లోకి చేరి వాటిని అరగదీస్తుంది. ఈ చక్రాల వల్ల ఇంజన్లు పోతున్నాయని జీఎం తన డీలర్ మెకానిక్‌లకే బులెటిన్ పంపింది. చేత్తో గీకితే గంటన్నర ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

రాలిన తుక్కు వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి, కంప్రెసర్ గాలితో ఊదకండి. బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ మిగలకూడదు. ఉంటే బోల్టు బిగుతు తప్పుగా చూపిస్తుంది. మానిఫోల్డ్ మీద కూలెంట్ దార్ల చుట్టూ గోటితో రాసి చూడండి. గోరు దిగేంత గుంటలు పడి ఉంటే ఆ మానిఫోల్డ్‌కి కొత్త గ్యాస్కెట్ వేసినా నిలవదు. జంక్‌యార్డ్‌లో మంచిది వెతుక్కోండి, దొరుకుతుంది. ఇనుప స్కేలు నిలువుగా పెట్టి వెనక నుంచి టార్చి వేసి, వెలుగు ఎక్కడైనా దూరుతోందేమో కూడా చూడండి.

పనిలో పనిగా కొన్ని చూసుకోవాలి. ఎల్బోలు బయటికి బాగానే కనిపించినా మార్చేయండి. తీస్తుంటే పాతవి ముక్కలై రంధ్రంలోనే విరుగుతాయి, ఒక్క పెంకు కూడా లోపల వదలకుండా ఏరాలి. సూపర్‌చార్జర్ పుల్లీని చేత్తో అటూ ఇటూ కదిపి చూడండి. రోటర్లు కదలకుండా పుల్లీ మాత్రం కొంచెం ఆడుతుంటే లోపలి ప్లాస్టిక్ కప్లర్ అరిగిందని అర్థం. ఐడిల్‌లో గలగలమనే చప్పుడు ఈ బండ్లకి దాని నుంచే వస్తుంది. ఇప్పుడు మార్చడం తేలిక. సూపర్‌చార్జర్ ఆయిల్ ప్లగ్గు చల్లగా ఉన్నప్పుడు తీసి చూడండి, ఆయిల్ ఆ రంధ్రం పళ్ల అంచుదాకా ఉండాలి. నల్లబడితే సిరంజితో లాగేసి కొత్తది పోయండి. దానికి వేరే ఆయిల్ ఉంది, జీఎం విడిభాగాల కౌంటర్లలో చిన్న సీసాలుగా అమ్ముతారు. ఇంజన్ ఆయిల్ పోయకూడదు. ఆ పాత ఆయిల్ కంపు భరించడం కష్టం, గ్లవ్స్ వేసుకోండి.

బిగించడం ఇలా. గుడ్డలు తీసి లెక్క పెట్టండి. నాలుగు మూలల్లో సీలెంట్ బొట్లు, గ్యాస్కెట్లు పొడిగా, మానిఫోల్డ్ నిలువుగా దించాలి. ఒకసారి కూర్చున్నాక అటూ ఇటూ జరిపితే సీలు మడత పడుతుంది. బోల్టు పళ్లకి థ్రెడ్ లాకర్ రాసి, అన్నీ చేత్తో దొరికినంత తిప్పి, మధ్య నుంచి చివర్లకి వరసలో, ఒకేసారి కాకుండా దఫాలుగా 11 ఫుట్ పౌండ్లకి తీసుకెళ్లండి. "ఇంకొంచెం బిగిస్తే గట్టిగా ఉంటుంది" అనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు, లోహపు చట్రం ఉన్నా సరే సీలు నలిగిపోతుంది. ఇంజన్ ఒకసారి వేడెక్కాక మళ్లీ బిగించమని కొందరు చెబుతారు. థ్రెడ్ లాకర్ గట్టిపడ్డాక బోల్టుని కదిపితే ఆ పట్టే పోతుంది, అలాగే వదిలేయండి. సూపర్‌చార్జర్ బోల్టులకి 17 ఫుట్ పౌండ్లు, 23 న్యూటన్ మీటర్లు. ఇంజెక్టర్లకి కొత్త ఓ-రింగులు, ఒక్కో చుక్క ఇంజన్ ఆయిల్ రాసి మెల్లగా నొక్కాలి. పొడిగా తోస్తే ఓ-రింగు తెగి పెట్రోల్ వేడి ఇంజన్ మీద కారుతుంది.

పాత ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, కొత్తది పోయండి. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. ఆ పాళ్లలో మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు, మీ చలికి చాలు. మీ బండిలో నారింజ రంగుది ఉంటే అదే రకం పోయండి, పాత పచ్చ రంగు కూలెంట్‌తో కలపకండి. థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇత్తడి స్క్రూ ఉంటుంది. అది కొంచెం వదులు చేసి పోస్తుంటే గాలి బుడగలు బయటికి వస్తాయి, ఉత్త కూలెంట్ రావడం మొదలయ్యాక మూసేయండి, చిన్నగా. లోపల గాలి మిగిలితే హీటర్ చల్లగా వస్తుంది, గేజి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. లీకులు మూసే పొడులు, ద్రవాలు ఏవీ పోయకండి, హీటర్ కోర్ పూడుకుపోతుంది.

స్టార్ట్ చేసే ముందు, సిలిండర్లోకి కూలెంట్ వెళ్లిందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ప్లగ్గులు తీసేసి, ఇంజెక్టర్ల వైర్లు, కాయిల్ వైర్లు ఊడదీసి, కొద్ది సెకన్లు సెల్ఫ్ తిప్పండి. నీళ్లుంటే బయటికి చిమ్ముతాయి. ప్లగ్గులు బిగించి తిప్పితే, నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అన్నీ మళ్లీ కలిపాక ఇంజన్ తిప్పకుండా తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి, టార్చితో ఫ్యూయల్ రైల్ మొత్తం చూడండి. తడి లేకపోతేనే స్టార్ట్. ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్ అంకెలు చూపించేది) చవకది ఒకటి ఉంటే ఇప్పుడు ఉపయోగం. వేడెక్కాక ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే) అంకెలు సున్నాకి దగ్గరగా ఉన్నాయా చూడండి. ప్లస్ వైపు బాగా పెరిగి ఉంటే ఎక్కడో గాలి దూరుతోంది, ముందు వ్యాక్యూమ్ గొట్టాలు చూసుకోండి. చాలాసార్లు ఒకటి పెట్టడం మర్చిపోయి ఉంటారు. లీకు వెతకడానికి మండే స్ప్రేలు వేడి ఎగ్జాస్ట్ దగ్గర కొట్టకండి.

మొదటి వారం బూస్ట్ వచ్చేంతగా తొక్కకండి. రోజూ చల్లటి ఇంజన్ మీద కూలెంట్ మట్టం చూడండి, మొదటి రెండు రోజులు కొంచెం దిగడం సహజం, మిగిలిన గాలి బయటికి వస్తుంది. ఆ తర్వాత దిగకూడదు. ఒక వారం తిరిగాక ఆయిల్, ఫిల్టర్ మళ్లీ మార్చండి, మురికి లేకపోయినా. తెచ్చుకోమన్న రెండో సెట్టు అందుకే.

అమ్మేయమన్న మీ ఆవిడ మాట కూడా తీసిపారేసేది కాదు. డ్రెయిన్ బోల్టు పరీక్షలో కూలెంట్ బాగా ఎక్కువగా కనిపించినా, ఇంజన్ కింద నుంచి టకటకమని లోతైన చప్పుడు వస్తున్నా, హెడ్ గ్యాస్కెట్ పరీక్షలో రంగు తిరిగినా, ఈ బండి మీద ఇంకో డాలర్ పెట్టొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేయండి. ఈ ఇంజన్ కోసం విడిభాగాలకి కొనేవాళ్లు ఇంకా ఉన్నారు, ఒక్క సూపర్‌చార్జర్‌కే అడుగుతారు. ఆయిల్ శుభ్రంగా ఉంటే మాత్రం అమ్మడానికి కారణం కనపడదు. ఆ ధరకి అంత మంచి ఇంజన్ మళ్లీ దొరకడం కష్టం.

దించిన పాత కూలెంట్ పళ్లెంలో అలాగే వదిలేయకండి. తియ్యగా ఉంటుంది, పిల్లలు గానీ పక్కింటి కుక్క గానీ నాకితే ప్రాణం మీదికి వస్తుంది. ఖాళీ డబ్బాలోకి పోసి గట్టిగా మూత పెట్టి, పేరు రాసి, మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజున ఇచ్చేయండి. పాత ఆయిల్‌ని విడిభాగాల దుకాణాలే తీసుకుంటాయి, అయితే కూలెంట్ కలిసిన ఆయిల్ వాళ్లు తీసుకోరు. దాన్ని కూడా విడిగా ఉంచి కౌంటీకే ఇవ్వండి.